బంతిని చూడకు తాతయ్యా

ఉదయం ఆరున్నర. పొయ్యి మీద గుడ్లు ఉడుకుతున్నాయి. వంటింటి నేల మీద ఆరడుగుల ఆరంగుళాల మనిషి వెల్లకిలా పడుకుని, ఎడమ మోకాలిని ఛాతీకి హత్తుకుని, పెదాలు కదపకుండా లెక్కపెట్టుకుంటున్నాడు. ఆ ఇంట్లో అతను కాళ్లు పూర్తిగా చాపుకోగలిగిన చోటు అదొక్కటే. భార్య గిన్నె పట్టుకుని అతని మీదుగా దాటింది.

"కాస్త కాళ్లు ముడుచుకుంటారా? ఫ్రిజ్ తలుపు తియ్యాలి."

"ఇంకో పన్నెండు."

"మీ పన్నెండు అయ్యేసరికి నా స్కూల్లో రెండో పీరియడ్ మొదలవుతుంది."

నవ్వి కాళ్లు ముడుచుకున్నాడు. అతనికి ముప్ఫై ఐదేళ్లు. వృత్తి బాస్కెట్‌బాల్. పదమూడు సీజన్లు, ఆరు జట్లు. తోటి ఆటగాళ్లు అతన్ని పేరు పెట్టి పిలవడం ఎప్పుడో మానేశారు. అందరికీ అతను 'గోడ'. బంతితో దూసుకెళ్లే తమవాడిని వెంటాడే ప్రత్యర్థి దారిలోకి ముందే వెళ్లి, కాళ్లు పాతుకుని కదలకుండా నిలబడటం అతని పని. వెంటాడేవాడు వచ్చి ఇతన్ని గుద్దుకుని ఆగిపోతాడు. ఆ అరక్షణంలో తమవాడికి ఖాళీ దొరుకుతుంది, బంతి బుట్టలో పడుతుంది. చప్పట్లు బంతి వేసినవాడికి. భుజం మీద కమిలిన మచ్చ గోడకి.

హాల్లో పెద్దాయన పేపర్ తెరిచాడు. గోడ తండ్రి ఆయన. ముప్ఫై ఎనిమిదేళ్లు లిఫ్ట్ మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. భార్య పోయాక మూడేళ్ల కిందట కొడుకు దగ్గరికి వచ్చేశాడు. ఇంట్లో ఏ తలుపు కిర్రుమన్నా పది నిమిషాల్లో బాగుచేసే మనిషి.

"పంతొమ్మిది నిమిషాలు ఆడావ్. రెండు పాయింట్లు," అన్నాడు అక్కడినుంచే.

"గెలిచాం కదా నాన్నా."

"గెలిచింది జట్టు. నువ్వెన్ని కొట్టావన్నది మాట."

పళ్లు తోముకుంటూ వచ్చిన మనవరాలు నురగ నోటితోనే, "తాతయ్యా, పొద్దున్నే మొదలుపెట్టకు," అంది. దానికి పద్నాలుగేళ్లు. అప్పుడే తల్లిని దాటి ఎదిగింది. పెద్దాయన దాన్ని పొడుగూ అని పిలుస్తాడు.

కొడుక్కి బంతి పట్టుకోవడం నేర్పింది పెద్దాయనే. తను పనిచేసే లిఫ్టుల ఫ్యాక్టరీ వెనక ఉన్న సిమెంటు కోర్టులో, డ్యూటీ దిగగానే, నూనె మరకల చొక్కాతోనే నేర్పాడు. స్కూలు రోజుల్లో ఒక ఆటలో కొడుకు నలభై ఒక్క పాయింట్లు కొట్టాడు. ఆ సాయంత్రం పెద్దాయన ఫ్యాక్టరీలో కనపడినవాణ్ణల్లా ఆపి చెప్పాడు. వీడు మామూలువాడు కాడు, చూస్తూ ఉండండి అన్నాడు. చూస్తూనే ఉన్నారు, ఏళ్లు గడిచాయి. కొడుకు పెద్ద లీగ్‌కి చేరాడు గానీ, అక్కడ ముందుగా కోర్టులోకి దిగే అయిదుగురిలో లేడు, బెంచీ మీద ఎనిమిదోవాడయ్యాడు.

ఆ ఎనిమిదో స్థానం నిలబెట్టుకోవడానికి గోడ పడ్డ పాట్లు బయటివాళ్లకి తెలియవు. ఏ జట్టూ అతనికి ఏడాదికి మించి ఒప్పందం ఇవ్వలేదు. ప్రతి వేసవిలోనూ ఫోన్ మోగుతుందో లేదో అనే భయం. ప్రాక్టీసు తొమ్మిదింటికైతే అతను ఏడున్నరకే జిమ్‌లో ఉండేవాడు. కోర్టు మూలనుంచి రెండొందల షాట్లు వేసేవాడు, ఆటలో అలాంటి షాటు ఒక్కటి దొరికితే గొప్పే అయినా సరే. ఏ ప్రత్యర్థి ఏ చేతివైపు మొగ్గుతాడో, అలిసిపోతే ఏ కాలు ఈడుస్తాడో పుస్తకంలో రాసుకునేవాడు. భార్య లెక్కల టీచరు. అతని వెంట తిరుగుతూ నాలుగు స్కూళ్లు మారింది. ఈ ఊళ్లోనే మొదటిసారి మూడేళ్లు నిలబడ్డారు. పొడుగుకి స్నేహితులు కుదిరారు. ఈ సీజన్‌తో ఒప్పందం అయిపోతుంది. ఇంకో ఏడాది ఇస్తారా లేదా అన్నది రెండు వారాల్లో తేలుతుంది.

ఆ రోజు పది గంటలకి స్పోర్ట్స్ ఛానల్ వాళ్లు ఇంటికి వచ్చారు. ఆటగాళ్ల కుటుంబాల మీద ఏదో కార్యక్రమమట. గోడ ప్రాక్టీసుకి వెళ్లిపోయాడు. అతని భార్య స్కూలుకి సెలవు పెట్టి, అడిగినవాటికి రెండు ముక్కల్లో జవాబులు చెప్పింది. తర్వాత కెమెరా పెద్దాయన వైపు తిరిగింది. ఆ యాంకరమ్మాయి చాలా మర్యాదగా అడిగింది.

"మీ అబ్బాయి ఆట చూస్తుంటే మీకేమనిపిస్తుందండీ?"

పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని కూర్చున్నాడు. పదమూడేళ్లుగా ఆయన్ని ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

"కడుపు మండిపోతుందమ్మా," అన్నాడు. "ఒక్క ఆటలో నలభై ఒకటి కొట్టినవాణ్ణి తీసుకొచ్చి అడ్డంగా నిలబెట్టారు. ఆ మెరుపుగాడున్నాడే, వాడికి మావాడు చాకిరీ చేస్తున్నాడు. బంతి వాడికి, పేరు వాడికి. కోచ్‌కి కళ్లుంటే మావాడి చేతికి బంతి ఇచ్చి చూడమనండి!"

కోడలు "మావయ్యా..." అని ఆపబోయింది. అప్పటికే ఆలస్యమైంది.

మరునాడు సాయంత్రం అది ప్రసారమైంది. ముప్పావుగంట కార్యక్రమంలో జనం పట్టుకున్నది ఆ ఇరవై సెకన్లనే. రాత్రికల్లా ఫోన్లన్నింట్లో అదే తిరిగింది.

మెరుపు అని అందరూ పిలిచే ఆ ఆటగాడికి ఇరవై మూడేళ్లు. జట్టు పాయింట్లలో మూడోవంతు అతనివే. గురువారం ఉదయం గోడ డ్రెస్సింగ్ రూమ్‌లో అడుగుపెట్టేసరికి నవ్వులు ఆగిపోయాయి. మెరుపు షూ లేసులు కట్టుకుంటూ తలెత్తకుండానే అన్నాడు.

"ఇవాళ బంతి మీరే తీసుకోండి అన్నా. నాకు చాకిరీ ఎందుకు?"

"మా నాన్న నోరు జారాడు. నేను అనుకునేది అది కాదు."

"ఇంట్లో అనుకోనిది టీవీలోకి ఎలా వస్తుంది?"

ప్రాక్టీసు రెండు గంటలూ మెరుపు అతనితో మాట్లాడలేదు. గోడ అడ్డం నిలబడిన వైపు కాకుండా కావాలనే రెండోవైపు నుంచి వెళ్లి, మూడుసార్లు బంతి పోగొట్టుకున్నాడు. చివర్లో కోచ్ గోడని పక్కకి పిలిచాడు. కోచ్ కేకలేసే మనిషి కాదు. "శనివారం గెలిస్తేనే మనకి పై రౌండ్. ఇది నువ్వే సర్దుకో. నేను కల్పించుకుంటే ఇంకా చెడుతుంది," అన్నాడు.

మధ్యాహ్నం గోడ ఇల్లు చేరేసరికి పెద్దాయన స్టూలెక్కి కర్టెన్ రాడ్ బిగిస్తున్నాడు.

"నాన్నా, కిందికి దిగు. మాట్లాడాలి."

"చెప్పు, వింటున్నా."

"దిగు నాన్నా."

ఆ గొంతు పెద్దాయనకి కొత్త. దిగాడు. వంటింట్లోంచి కోడలు వచ్చి గుమ్మంలో నిలబడింది. స్కూలునుంచి అప్పుడే వచ్చిన పొడుగు బ్యాగు దించకుండా ఉండిపోయింది.

"ఎవరినడిగి అన్నావు ఆ మాట?"

"నిజం చెప్పడానికి ఎవర్నడగాలిరా? నీ తరఫున నోరు విప్పేవాడు లేడు. నువ్వు విప్పవు. నేను విప్పాను."

"నా తరఫున కాదు. నీ తరఫున మాట్లాడుకున్నావు. పదమూడేళ్లుగా అదే వింటున్నాను. ఎముక విరిగి ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా నువ్వు ఫోన్ చేసి మొదట అడిగింది పాయింట్లే."

"నీ మీద ఆశ పెట్టుకోవడం తప్పా? నాకైతే అవకాశమే రాలేదు. నీకు వచ్చింది. దాన్ని చేజేతులా ఎవడికో ధారపోస్తుంటే తండ్రిగా చూస్తూ ఊరుకోవాలా?"

గోడ కుర్చీ వెనక చేతులానించి నిలబడ్డాడు. మామూలు గొంతుతో చెప్పడం మొదలుపెట్టాడు.

"నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఒకే వారంలో రెండు జట్లు నన్ను తీసేశాయి. నీకు చెప్పలేదు. రెండోచోట ఒక ముసలి కోచ్ ఉండేవాడు. నన్ను కూర్చోబెట్టి చెప్పాడు. 'నీలా బంతి వేసేవాళ్లు ఇక్కడ ఇరవైమంది ఉన్నారు. నీకంటే బాగా వేసేవాళ్లు పదిమంది. కానీ దెబ్బకి వెనుతియ్యకుండా నిలబడి పక్కవాడికి దారి చేసేవాడు ఒక్కడూ లేడు. అది నేర్చుకుని రా, తీసుకుంటా' అన్నాడు. ఆ రోజు బస్టాండులో కూర్చుని ఏడ్చాను. మర్నాడు పొద్దున్నే వెళ్లి నేర్చుకోవడం మొదలుపెట్టాను. నన్నెవరూ అడ్డంగా నిలబెట్టలేదు నాన్నా. నేనే నిలబడ్డాను. నాకు చేతనైన పని అది. బాగా చేతనైన పని. నాతోపాటు వచ్చినవాళ్లలో నలభైలు కొట్టినవాళ్లున్నారు, ఇవాళ ఒక్కడూ ఆటలో లేడు. నేనున్నాను."

పెద్దాయన ముఖం పాలిపోయింది. "అయితే నేను నీ పరువు తీశానంటావు."

గోడ కుర్చీ వదిలి నిటారుగా నిలబడ్డాడు.

"తీశావు నాన్నా."

పెద్దాయన తన గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాడు. భోజనానికి పిలిస్తే ఆకలి లేదన్నాడు. మర్నాడు పొద్దున సూట్‌కేసు దించి చొక్కాలు మడతపెడుతుంటే కోడలు టీ పట్టుకుని లోపలికి వచ్చింది.

"మా చెల్లెలింటికి పోతానమ్మా. నాలుగు రోజులుండి వస్తా."

"తప్పకుండా వెళ్లండి మావయ్యా. నేనే బస్సెక్కిస్తాను. కానీ రేపు మధ్యాహ్నం ఆట ఉంది. మీ సీటు ఖాళీగా ఉంటే కెమెరావాళ్లు దాన్నే చూపిస్తారు. ఇంకో కార్యక్రమం చేసేస్తారు."

పెద్దాయనకి కోపంలోనూ నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. "వాడి మొహం ఎలా చూడనమ్మా?"

"మొహమే చూడండి. ఇన్నాళ్లూ అంకెలే చూశారు," అంది ఆమె, కప్పు ఆయన చేతికిచ్చి.

శనివారం స్టేడియం కిటకిటలాడుతోంది. తాతా మనవరాలూ పక్కపక్కన కూర్చున్నారు. కోడలు వాళ్ల వెనక వరసలో కూర్చుంది. ఆట మొదలయ్యే ముందు పొడుగు ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాతయ్యా, ఒక పని చేస్తావా? ఇవాళ బంతిని చూడకు. నాన్న ఆడినంతసేపూ నాన్నని మాత్రమే చూడు. ఏం జరిగినా సరే."

"బంతిని చూడకుండా ఆట చూడ్డమేంటే?"

"నేను ఏడాదిగా అలాగే చూస్తున్నా. స్కూల్ జట్టులో నన్నెందుకు కెప్టెన్ చేశారనుకున్నావ్?"

ఎనిమిది నిమిషాలయ్యాక గోడ కోర్టులోకి దిగాడు. పెద్దాయన కళ్లు కొడుకు మీద నిలిపాడు. కష్టమే అయింది. అరవై ఏళ్ల అలవాటు, చూపు దానంతటది బంతివైపు జారిపోతోంది. జారినప్పుడల్లా మనవరాలు మోచేత్తో పొడిచింది.

మొదట కనిపించింది కొడుకు నోరు. అది ఒక్కక్షణం మూతపడటం లేదు. "కుడివైపు! వెనక ఉన్నాడు! మార్చుకో!" ఇంట్లో పది మాటలకి ఒక మాట మాట్లాడేవాడు, ఇక్కడ గొంతు చించుకుంటున్నాడు. అతను చెయ్యి చూపించిన చోటికి మిగతా నలుగురూ జరుగుతున్నారు. ఆ తర్వాత దెబ్బలు కనిపించాయి. నూటపాతిక కిలోల మనిషి పరుగున వచ్చి కొడుకు ఛాతీని ఢీకొట్టాడు. పెద్దాయన సీట్లోంచి సగం లేచాడు. జనం ఒక్కసారిగా హోరెత్తారు. ఎందుకో ఆయనకి అర్థం కాలేదు.

"ఏమైందే?"

"మెరుపు బాస్కెట్ వేశాడు. నాన్న ఆపినవాడు ఇంకా నాన్న దగ్గరే ఉన్నాడు, చూడు."

జనం ఇంకా అరుస్తూనే ఉన్నారు, కొడుకు మాత్రం అప్పటికే వెనక్కి పరిగెత్తి తన చోట్లో నిలబడి ఉన్నాడు. అలా ఒకసారి, రెండుసార్లు, ఆరుసార్లు. మెరుపు ఎటునుంచి వెళ్లాలనుకుంటే అటు, అతనికంటే ఒక అడుగు ముందు, గోడ ఉన్నాడు. మొదట్లో ముఖం తిప్పుకున్న మెరుపు రెండో భాగానికి వచ్చేసరికి వెతకడం మొదలుపెట్టాడు. బంతి అందుకోగానే అతని కళ్లు గోడ ఎక్కడున్నాడా అని చూస్తున్నాయి.

మూడో భాగంలో మూలన ఖాళీగా ఉన్న గోడకి బంతి వచ్చింది. వేసేశాడు. పెద్దాయన కొడుకు చేతివేళ్లు చూస్తూ ఉండిపోయాడు. బంతి పడిందో లేదో కూడా చూసుకోకుండా కొడుకు వెనక్కి పరుగు తీశాడు. మూడు పాయింట్లని పొడుగు చెవిలో అరిస్తే గానీ పెద్దాయనకి తెలియలేదు.

ఇంకా పదకొండు సెకన్లు. తమ జట్టు ఒక్క పాయింటు ముందుంది. బంతి అవతలి జట్టు చేతిలో ఉంది. వాళ్ల ముఖ్య ఆటగాడు ఎడమవైపు మొగ్గుతున్నట్టు కనిపించి, ఒక్కసారిగా కుడివైపు తెగించి దూసుకొచ్చాడు. అందరూ మోసపోయారు. గోడ మోసపోలేదు. రెండడుగులు పక్కకి వేసి, చేతులు ఛాతీకి దగ్గరగా పెట్టుకుని, కళ్లు మూయకుండా నిలబడ్డాడు. అవతలివాడి భుజం అతని పక్కటెముకల్లో దిగబడింది. ఇద్దరూ కూలిపోయారు. ఈల మోగింది.

అందరి కళ్లూ రిఫరీ మీదే. కదలకుండా నిలబడినవాణ్ణి గుద్దితే తప్పు గుద్దినవాడిది. కాలు ఒక్క అంగుళం కదిలినా తప్పు నిలబడినవాడిది. రిఫరీ రెండు క్షణాలు ఆగి, చెయ్యి అవతలి వైపు చూపించాడు. తప్పు దూసుకొచ్చినవాడిది, బంతి తమది.

గోడ లేవలేకపోతున్నాడు. అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చింది మెరుపు. మోకాళ్ల మీద కూర్చుని, అతని చంకల కింద చేతులు వేసి లేపి, అలాగే గట్టిగా పట్టుకుని ఉండిపోయాడు. పెద్దాయన లేచి నిలబడి ఉన్నాడు. ఎప్పుడు లేచాడో తెలియదు. వెనకనుంచి కోడలు ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

ఆ ఒక్క పాయింటుతోనే జట్టు గెలిచింది. సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరారు. ఎక్స్‌రేలో పక్కటెముకలు విరగలేదని తేలింది. గోడ సోఫాలో ఒక పక్కకి ఒరిగి కూర్చున్నాడు. పెద్దాయన తువ్వాలులో ఐసు చుట్టి తెచ్చి పక్కన కూర్చుని, చొక్కా పైకెత్తి, కమిలిన చోట మెల్లగా ఆనించాడు. ఒంటి మీద పాతమచ్చలు కూడా కనిపించాయి. పసుపువి, నీలివి, మానిపోయినవి. అవన్నీ ఆయన ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు.

"నొప్పిగా ఉందా?"

"నవ్వితే నొప్పి. నవ్వించకు."

పెద్దాయన ఐసు కాస్త పక్కకి జరిపాడు.

"ఒరేయ్, నాకు అవకాశం రాలేదన్నానే, అది అబద్ధం."

గోడ తలతిప్పి చూశాడు.

"వచ్చిందిరా. ఫ్యాక్టరీ జట్టులో మూడేళ్లు ఆడాను. బంతి చేతికొస్తే వదిలేవాణ్ణి కాదు. ఫైనల్లో చివరి నిమిషం, పక్కన ఇద్దరు ఖాళీగా ఉన్నారు, ఇవ్వమని అరుస్తున్నారు. నేనే వేశాను. తప్పింది. డ్రెస్సింగ్ రూమ్‌లో ఎవడూ నన్ను ఒక్క మాట అనలేదు. మరుసటి ఏడు జాబితాలో నా పేరు లేదు. కుట్ర చేశారని మీ అమ్మకి చెప్పాను. అందరికీ చెప్పాను. చెప్పీ చెప్పీ నేనే నమ్మేశాను." తువ్వాలు మడత సర్దాడు. "ఇవాళ నిన్నొక్కణ్ణే చూస్తూ కూర్చున్నాను కదా, అప్పుడు గుర్తొచ్చింది, ఆ ఇద్దరి ముఖాలు. నాన్నా, నువ్వు ఆ జట్టులో ఉండి ఉంటే, నాలాంటి మొండి ఘటాన్ని కూడా గెలిపించేవాడివిరా."

గోడ ఐసు పట్టుకున్న తండ్రి చేతిమీద తన పెద్ద అరచెయ్యి వేసి నొక్కాడు. గుమ్మంలో తల్లి వెనక నిలబడ్డ పొడుగు ఆమె వీపులో ముఖం దాచుకుంది.

సూట్‌కేసు మళ్లీ అటక ఎక్కింది.

సోమవారం పొద్దున ఏడింటికి గోడ బయల్దేరుతుంటే పెద్దాయన ఇస్త్రీ చొక్కా వేసుకుని తయారుగా ఉన్నాడు.

"నువ్వెక్కడికి?"

"నీతో. కోచ్‌నీ ఆ అబ్బాయినీ చూడాలి."

"అవసరం లేదు నాన్నా. అంతా సర్దుకుంది."

"నువ్వు సర్దుకున్నావు. నేను ఇంకా సర్దుకోలేదు."

డ్రెస్సింగ్ రూమ్‌లో పన్నెండుమంది పొడుగాటి మనుషుల మధ్య పెద్దాయన చిన్నగా కనిపించాడు. దాక్కోలేదు. ముందు కోచ్ వైపు, తర్వాత మెరుపు వైపు తిరిగి చెప్పాడు.

"నేను టీవీలో అన్నది తప్పు. ఆట తెలుసనుకుని అన్నాను. నాకు తెలియదు. పెద్దవాణ్ణి, క్షమించమని అడగడానికి వచ్చాను."

కోచ్ ఆయన చెయ్యి రెండు చేతులతో అందుకున్నాడు. మెరుపు బెంచీ మీదనుంచి లేచి దగ్గరికి వచ్చాడు. అతని మెడ ఎర్రబడింది.

"మీరన్నది సగం నిజమేనండీ. ఆయన నాకు నిజంగానే చాకిరీ చేస్తున్నాడు. ఈ మూడేళ్లలో నేను వేసిన ప్రతి బుట్టకీ ఆయన ఒంటి మీద ఒక దెబ్బ ఉంది. నేను ఒక్కసారి కూడా థాంక్స్ చెప్పలేదు. వచ్చే ఏడాది ఆయన లేకపోతే నేనూ సంతకం పెట్టనని నిన్న మేనేజర్‌తో చెప్పేశాను." గోడ వైపు తిరిగాడు. "థాంక్స్ అన్నా."

ఎవరో చప్పట్లు కొట్టడం మొదలుపెట్టారు. మిగతావాళ్లూ అందుకున్నారు. పెద్దాయన కన్నీళ్లు ధారగా కారుతున్నా తుడుచుకోకుండా చప్పట్లు కొట్టాడు, అందరికంటే గట్టిగా.

గోడ మాత్రం బెంచీ చివర వంగి కూర్చుని షూ లేసు కట్టుకుంటున్నాడు. ముడి ఎప్పుడో పడింది. చప్పట్లు ఆగిపోయాక కూడా, చాలాసేపటివరకు అతను తలెత్తలేదు.